యంత్రపు నాడి: 1930 నాటి ఒక వైమానిక పందెం

1930 మే నెల ప్రథమార్ధంలో, ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియాకు సమీపంలోని అబూకిర్ విమానాశ్రయంలో రెండు చిన్న విమానాలు కలుసుకొన్నవి. రెండూ డి హావిలండ్ కంపెనీవారి జిప్సీ మాత్‌లే. ఒకటి కరాచీ నుండి లండనుకు పోతున్నది. దానిని నడిపేవాడు 25 ఏళ్ళ జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా. రెండవది ఇంగ్లండు నుండి కరాచీకి వస్తూ అక్కడ నిలిచిపోయినది. దాని చోదకుడు 17 ఏళ్ళ అస్పీ ఇంజినీరు. ఇద్దరూ ఒకే బహుమానానికి పోటీదారులు. ఇంగ్లండుకూ ఇండియాకూ నడుమ ఒంటరిగా, ఒక నెలలోపల ఎగిరి చేరిన మొదటి భారతీయునికి 500 పౌన్లు ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించి ఉన్నాడు. అస్పీ నిలిచిపోవడానికి కారణం స్పార్కు ప్లగ్గు.

ఈ కథను చెప్పేవారంతా టాటా ఔదార్యాన్ని పొగడి ఊరుకొంటారు. పొగడవలసినదే. కాని ‘ప్లగ్గు చెడింది’ అనే రెండు మాటల వెనుక ఒక శాస్త్రమే దాగి ఉన్నది. ఆ కాలపు దూరప్రయాణాలలో చోదకుడే మిస్త్రీ. ఎడారి అంచున దిగినవానికి యంత్రం ఎందుకు దగ్గుతున్నదో చెప్పేవారు తరచు ఉండరు. తన చెవి, తన చేయి, తన ముక్కు, ఇవే అతని సాధనాలు.

జిప్సీ యంత్రం సాదా నిర్మాణం కలది: వరుసగా నిలబెట్టిన నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడే ఏర్పాటు, సుమారు 100 అశ్వబలం. దాని గట్టితనాన్ని లోకానికి చాటడానికి తయారీదారులు ఒక యంత్రానికి ముద్రలు వేసి, లోపలి భాగాలు విప్పకుండా 600 గంటలు ఎగురవేసి చూపారు. కాబట్టి గుండె గట్టిదే. తరచు చెడేవి దానిని అంటిపెట్టుకొన్న చిన్న వస్తువులు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు, ఒక్కొక్క సిలిండరుకు ప్లగ్గులు రెండు, వెరసి ఎనిమిది. ఒక ప్లగ్గు చచ్చినా రెండవది పని నడుపుతుంది. అయినా అట్టి యంత్రంతో ఎడారి మీదికి పోవడం ఒంటికాలి మీద ఏరు దాటడమే. ఆ రెండవదీ చస్తే నాలుగవ వంతు బలం పోతుంది. గాజా, బాగ్దాదు, బస్రాల దారిలో మధ్య దిగడమంటే ఇసుకలో దిగడమే.

మన మోటారు పనివారు ‘మిస్సింగు’ అని పిలిచే దోషం ఇదే. దానిని పసికట్టే పద్ధతి వైద్యుడు నాడి చూచే తీరుగా ఉంటుంది. యంత్రాన్ని వేగంగా తిప్పుతూ ఒక మాగ్నెటోను ఆపాలి. చక్రం తిరుగుడు కొంచెం తగ్గడం సహజం. చాలా తగ్గి యంత్రం వణికితే దోషం ఆపినదానిలో కాదు, పనిచేస్తున్నదానిలో ఉన్నది. కొత్తవారు తడబడేది ఇక్కడనే. తరువాత ఆ చెడ్డ వరుసమీదనే కొంతసేపు నడిపి ఆపి, ఒక్కొక్క సిలిండరు నుండి పొగ బయటికి వచ్చే చోట ఒక్కొక్క నీటిచుక్క వేయాలి. మూడు చోట్ల చుయ్యిమంటుంది. నాలుగవ చోట ఊరక జారిపోతుంది. ఆ చల్లని సిలిండరే రోగి.

ప్లగ్గు విప్పి చూస్తే దాని రంగు చాలా సంగతులు చెబుతుంది. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. జిడ్డుగా నల్లబడితే నూనె పైకి ఎక్కుతున్నది. తెల్లగా కాలి ఉంటే మితిమీరిన వేడి. అంతటితో నిర్ణయించరాదు. ఆ ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చి మళ్ళీ నడపాలి. దోషం ప్లగ్గు వెంట పోతే ప్లగ్గుదే తప్పు; పాతచోటనే ఉంటే తీగెనో, మాగ్నెటోనో, సిలిండరునో అనుమానించాలి. నేరస్థుని కనిపెట్టడానికి ఇంతకంటె న్యాయమైన విచారణ లేదు.

పెట్రోలు దోషం వేరు. అది ఒక తాళం తప్పినట్లు కాక, యంత్రమంతా ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అయినట్లు వినబడుతుంది. డబ్బాలనుండి పోసే పెట్రోలులో నీరు, మట్టి చేరేవి; అందుకే గరాటుకు మెత్తని తోలు కట్టి వడపోసేవారు. లోపలి జబ్బు తెలియాలంటే స్విచ్చులు కట్టి పంఖాను చేతితో తిప్పాలి. నాలుగు ఒత్తిళ్ళూ సమంగా ఎదురు నిలవాలి. ఒకటి మెత్తబడితే చెవి ఒగ్గి వినాలి: పొగగొట్టంలో బుస వినబడితే పొగ వెళ్ళే వాల్వు, కార్బురేటరులో వినబడితే గాలి వచ్చే వాల్వు సరిగా మూయడం లేదు.

ఇంత విద్యా తెలిసినవానికైనా అదనపు ప్లగ్గు లేకపోతే చేయగలిగినది లేదు. తన ప్రత్యర్థి తనకంటె ముందు కరాచీ చేరవచ్చునని తెలిసీ టాటా తన దగ్గరున్న ప్లగ్గు ఇచ్చాడు. అస్పీ ప్రతిగా తన ప్రాణరక్షక కవచాన్ని ఇచ్చాడు. ఇద్దరూ ఎదురెదురు దిక్కులకు ఎగిరిపోయారు. మే 11న అస్పీ కరాచీలో దిగాడు. కొద్ది గంటల తేడాతో పందెం అతనిదయింది. మూడవ పోటీదారు మన్‌మోహన్ సింగ్ గమ్యం చేరినా గడువు దాటినందున బహుమానం దక్కలేదు. అస్పీ ఇంజినీరు 1960 నుండి 1964 వరకు భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్నాడు.

రెండేళ్ళలో యంత్రమే తలక్రిందులయింది. దానితో రోగలక్షణాలూ మారాయి. 1932 అక్టోబరు 15న టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చిన పస్ మాత్‌లో సిలిండర్లు క్రిందికి వేలాడి ఉంటవి. అక్కడినుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. ఈ అమరికవల్ల చోదకునికి ముందుచూపు బాగుంటుంది గాని, విమానం నిలిచి ఉన్నప్పుడు నూనె సిలిండర్లలోకి దిగుతుంది. నూనె గాలివలె అణగదు. అందుచేత ఉదయం యంత్రం నడపక ముందు పంఖాను మెల్లగా చేతితో తిప్పి చూచేవారు. మధ్యలో రాయి తగిలినట్లు ఆగితే బలవంతం చేయరాదు. ప్లగ్గులు విప్పి, ఆ నూనెను నేలమీద కార్చివేసి, తుడిచి, మళ్ళీ బిగించాలి.