కట్టడము కూలిన దోషమెవరిది?

కామారెడ్డి జిల్లాలోని మాచారెడ్డి మండలపు పల్లెలలో మేస్త్రీ పనితనమునకు ఊరి నమ్మకమే పూచీ.

ఒకప్పుడు ఆ పూచీ ప్రాణముతో ముడివడియుండెను: క్రీస్తుకు పూర్వము సుమారు 1750 నాటి బాబిలోను రాజు హమ్మురాబి శాసనము, ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికి మరణదండనమును, యజమాని కొడుకు మరణించినచో కట్టినవాని కొడుకునకు మరణమును విధించినది. ఏ పాపమెఱుగని బిడ్డను బలిగొన్న ఆ న్యాయము నాకెన్నటికిని మింగుడుపడదు.

మన దేశమున ఆర్కిటెక్టుల వృత్తికి చట్టము 1972లో గాని రాలేదు. దాని ప్రకారమేర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ఫిర్యాదును విచారించి, ఆరోపితుని వాదము వినిన పిమ్మటనే, దోషము రుజువైనచో మందలించుటయో, వృత్తినుండి సస్పెండు చేయుటయో, రిజిస్టరునుండి పేరు కొట్టివేయుటయో చేయవచ్చును. పని కుదిర్చినందులకు కమీషను ఇచ్చుటను, పుచ్చుకొనుటను, తోటివాని పనిని తన్నుకొనిపోవుటను 1989 నాటి నియమములు నిషేధించినవి. లంచమునకు తొలిమెట్టు కమీషనే గనుక ఈ నిషేధము మిక్కిలి సముచితము.

అయితే ఆ చట్టము ఆర్కిటెక్టను పేరును కాపాడునే గాని, పనిని ఇతరులకు నిషేధింపదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. కౌన్సిల్ దండనము రిజిస్టరుకెక్కినవారినే తాకును. మేస్త్రీచేత ఇల్లు కట్టించుకొనిన మాచారెడ్డి రైతు, స్లాబు కాఱినచో, వినియోగదారుల కమిషన్‌నో సివిల్ కోర్టునో ఆశ్రయింపవలసినదే.