పహాణీ గళ్ల నుంచి కోడాప్ దాకా

బాన్సువాడ రైతుకు పట్టిక కొత్త కాదు. బ్యాంకు అప్పుకైనా భూమి తగాదాకైనా తరతరాలుగా పహాణీ నకలు పట్టుకుని తిరిగినవాడే. అందులో అడ్డు వరుసకొక సర్వే నంబరు ఉంటుంది. నిలువు గళ్లలో విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, వేసిన పంట. ఒక వరుసలో ఒకే కమతం, ఒక గడిలో ఒకే సంగతి. ఇవాళ బడిలో పిల్లలు డేటాను కంప్యూటర్‌కు అప్పగించాలన్నా మొట్టమొదటి నియమం ఇదే.

కాగితం మీది గళ్లను యంత్రం చదవగలిగేలా చేసిన ఘనత హెర్మన్ హోలరిత్‌ది. 1890 నాటి అమెరికా జనగణనలో ఆయన చిల్లుల కార్డులు వాడారు. మనిషికొక కార్డు, వివరానికొక చిల్లు. కంప్యూటర్లు వచ్చాక కూడా చాలాకాలం కార్డులదే రాజ్యం. ఏ అంకె కార్డులో ఎన్నో స్థానంలో ఉందో ప్రోగ్రాంలో ముందే చెప్పాలి. ఒక్క స్థానం పక్కకు జరిగినా లెక్కంతా తప్పేది. 1972 నాటికి ఐబీఎం ఫోర్‌ట్రాన్ కంపైలర్ ఈ బెడద తప్పించింది. అంకెకూ అంకెకూ మధ్య కామా పెడితే చాలు, ఎక్కడ ఏది ముగిసిందో అదే గుర్తుపట్టేది.

1979లో విజికాల్క్ రాకతో స్ప్రెడ్‌షీట్లు చిన్న కంప్యూటర్లలోకి దిగాయి. ఒక ప్రోగ్రాంలోని పట్టికను మరో ప్రోగ్రాంలోకి మోయడానికి కామాల ఫైలు అక్కరకొచ్చింది. అదే సీఎస్‌వీ. చాలా ఏళ్లు దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. చివరికి 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం ఆ వాడుకను నియమాలుగా కూర్చింది.

తరగతి గది కోసమే ప్రత్యేకంగా డేటా విశ్లేషణ పనిముట్లు 1990ల నుంచి తయారవుతూ వచ్చాయి. బిల్ ఫింజర్ బృందం ఫాథమ్‌ను, క్లిఫ్ కోనాల్డ్ బృందం టింకర్‌ప్లాట్స్‌ను రూపొందించాయి. అవి కొనుక్కుని కంప్యూటర్‌లో వేసుకోవాల్సినవి. తర్వాత ఫింజర్ అమెరికాలోని కాంకార్డ్ కన్సార్షియంలో కోడాప్‌కు సారథ్యం వహించారు. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. సీఎస్‌వీ ఫైలును మౌస్‌తో లాగి తెర మీద వదిలితే పట్టిక సిద్ధం. నిలువు వరుస పేరును గ్రాఫ్ అక్షం మీదికి లాగితే చెల్లాచెదురుగా ఉన్న చుక్కలన్నీ వాటి వాటి విలువల దగ్గరికి చేరిపోతాయి.

మరి డేటా ఎక్కడిది? కేంద్ర ప్రభుత్వం 2012లో ఓపెన్ డేటా పోర్టల్ తెరిచింది. 2016లో తెలంగాణ తన సొంత విధానం ప్రకటించింది. రాష్ట్ర పోర్టల్‌లో మండలాలవారీగా రోజువారీ వర్షపాతం, ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ దొరుకుతాయి. కామారెడ్డి జిల్లా వరుసల్లో బాన్సువాడనూ వెతుక్కోవచ్చు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మనం 04-07-2024 అని రాస్తే జులై 4. నెలను ముందు రాసే అలవాటున్న సాఫ్ట్‌వేర్ దాన్ని ఏప్రిల్ 7గా చదువుకుంటుంది. ఆరుద్ర కార్తెలో కురిసిన వాన ఏప్రిల్ ఎండల్లో కురిసినట్టు గ్రాఫ్ చూపిస్తుంది. 13వ తేదీ నుంచి చిక్కు మరో రకం: 13వ నెల లేదు కాబట్టి అది తేదీగా కాక ఉత్త అక్షరాలుగా మిగిలిపోవచ్చు. అందుకే 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం ప్రకారం 2024-07-04 అని, ఏడాది ముందు పెట్టి రాయడం క్షేమం. అంకెల్లోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. 1,25,000 అని మన పద్ధతిలో రాస్తే సీఎస్‌వీలో అది మూడు గళ్లుగా విడిపోతుంది, పక్కనున్నవన్నీ జరిగిపోతాయి. కామాలు తీసేయాలి, లేదంటే అంకెను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి.

ఈ శుభ్రం చేసే పనిని టీచర్లు ముందే ముగించి పిల్లలకు తయారు సరుకు ఇవ్వకూడదని నా గట్టి నమ్మకం. తేదీ ఎందుకు తిరగబడిందో తానే పట్టుకున్న పిల్ల రేపు పత్రికలో కనిపించే ఏ గ్రాఫ్‌నైనా నిలదీయగలదు. బాన్సువాడ వానల పక్కనే నిజాంసాగర్ నీటిమట్టాన్ని కూడా ఎక్కిస్తే ఇంకా మంచి ప్రశ్న పుడుతుంది. ఇక్కడ వాన పడని రోజున కూడా జలాశయం ఎందుకు పెరిగింది? జవాబు కోసం మంజీర వెంట పైకి, బీదర్ మీదుగా మహారాష్ట్ర బాలాఘాట్ కొండల దాకా వెళ్లాలి. అప్పుడు ఆ పిల్లలు భూగోళం, గణితం, తమ పొలం నీళ్ల సంగతి ఒకే పాఠంగా చదువుకుంటారు. పరాయి దేశపు నమూనా ఫైళ్లు కోడాప్‌లో బోలెడున్నాయి. మన బడుల్లో మొదట ఎక్కించాల్సింది మాత్రం సొంత మండలం డేటానే.