చీము పొక్కులకు ఆయింట్‌మెంట్ రాస్తున్నారా? కిడ్నీ సమస్య ఉంటే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం: వానలు మొదలయ్యాయంటే చాలు.. పిల్లల కాళ్లపై చీము పొక్కులు, పొలంలో దిగినవాళ్లకు వేళ్ల సందుల్లో పుండ్లు. పలాస వైపు జీడిపిక్కల పనిలో ఉన్నవాళ్లకైతే జీడి నూనె తగిలి చేతులు కాలుతుంటాయి. ఆ గాయాల్లో బ్యాక్టీరియా చేరితే చీము పడుతుంది. వెంటనే మందుల షాపుకెళ్లి ఏదో ఒక ట్యూబ్ తెచ్చి రాసేస్తుంటాం. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

ఏ మందు దేనికి?

ముపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్ లాంటివి బ్యాక్టీరియాను చంపే పైపూత మందులు. ఒకటి రెండు చోట్ల చిన్న పొక్కులుంటే ఇవి సరిపోతాయి. తామర ఫంగస్ వల్ల, గజ్జి పురుగు వల్ల వస్తాయి. వాటికి ఈ ట్యూబులు పనిచేయవు.

ట్యూబ్‌పై ఈ పేర్లు ఉన్నాయా?

క్లోబెటాసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్.. ఇవి స్టెరాయిడ్లు. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే ట్యూబ్‌లో వస్తుంటాయి. రాయగానే ఎరుపు, దురద తగ్గుతాయి. తగ్గిపోయిందనుకుంటే పొరపాటే. లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉండొచ్చు. ఎక్కువ రోజులు వాడితే చర్మం పలచబడుతుంది. డాక్టర్ చీటీ లేకుండా వీటిని కొనొద్దు.

ఎలా రాయాలి?

* ముందు చేతులు కడుక్కోండి. పుండును సబ్బు, గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తబడిన పెచ్చులు తీసి, తడి లేకుండా ఒత్తండి.
* పలచగా రాస్తే చాలు. మందంగా పూస్తే తొందరగా తగ్గదు.
* ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పినట్టే. ముపిరోసిన్ సాధారణంగా రోజుకు 3 సార్లు, 5 రోజులు రాస్తారు. 10 రోజులు దాటకూడదు.
* 3 నుంచి 5 రోజుల్లో తగ్గకపోతే ట్యూబ్ మార్చడం కాదు, డాక్టర్‌ను కలవాలి.
* ఒకరి ట్యూబ్, తువ్వాలు ఇంకొకరు వాడొద్దు. పిల్లల గోళ్లు కత్తిరించండి.

అవసరం లేకపోయినా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా మొండికేస్తుంది. రేపు నిజంగా అవసరమైనప్పుడు అదే మందు పనిచేయదు.

ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా..

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని కుంగదీసిందో తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇక్కడివాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ముపిరోసిన్ ఆయింట్‌మెంట్లలో పాలీఇథిలిన్ గ్లైకాల్ అనే పదార్థం ఉంటుంది. పెద్ద పచ్చిపుండుపైనో, కాలిన గాయంపైనో ఎక్కువగా రాస్తే అది ఒంట్లోకి చేరుతుంది. దాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. నియోమైసిన్ ఉన్న మందులతోనూ ఇలాంటి ముప్పే ఉంది. చిన్న పొక్కుకు కాస్త రాస్తే భయం లేదు. పెద్ద గాయమైతే మాత్రం కిడ్నీ సమస్య ఉందని డాక్టర్‌కు ముందే చెప్పండి.

బోదకాలు ఉంటే?

మన జిల్లాల్లో ఫైలేరియా పాతదే. బోదకాలు ఉన్నవాళ్లకు వేళ్ల సందుల్లో చిన్న పగులు చాలు, బ్యాక్టీరియా లోపలికి పోవడానికి. రోజూ కాలు సబ్బుతో కడిగి, సందులు పొడిగా తుడవండి. పగులు కనిపిస్తే డాక్టర్ చెప్పిన మందు రాయండి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు?

జ్వరం, చలి వణుకు వచ్చినా.. ఎరుపు, వాపు పాకుతున్నా.. పొక్కులు ఒళ్లంతా వచ్చినా.. షుగర్ ఉన్నవాళ్లకు కాలిపుండు పడినా ఆగొద్దు. అప్పుడు పైపూత చాలదు. చీము పొక్కులు తగ్గిన కొన్ని వారాలకు కూడా పిల్లలకు ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా లేదా టీ రంగులో వచ్చినా అశ్రద్ధ చేయకండి. కొన్ని రకాల చర్మ ఇన్‌ఫెక్షన్ల తర్వాత కిడ్నీలు వాచే అవకాశం ఉంది. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి.

గమనిక: ఇది అవగాహన కోసమే. మందు వాడే ముందు డాక్టర్ సలహా తప్పనిసరి.