అనాథ అంటే ఎవరు? ఒమన్ చట్టంలో ఒక మాట

ఈసారి ఒక మాటతో మొదలుపెడతాను: "అనాథ".

ఒమన్‌లో 2023లో 52వ రాజశాసనంగా సామాజిక రక్షణ చట్టం వచ్చింది. దాని భృతులు 2024 జనవరి నుంచి ఇస్తున్నారు. భృతి అంటే ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. 60 దాటిన పెద్దలకు 115 రియాళ్లు, 18 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకు 10 రియాళ్లు. ఇంకొకటి "అనాథలు, వితంతువుల భృతి".

ఇది చదివి నేను తికమకపడ్డాను. తెలుగులో అనాథ అంటే దిక్కులేని బిడ్డ. తల్లి ఉంటే అనాథ ఎలా అవుతుంది? తరువాత తెలిసింది. అరబిక్‌లో "యతీమ్" అంటే తండ్రి పోయిన బిడ్డ. తల్లి ఉన్నా యతీమే. అందుకే చట్టంలో తల్లీ బిడ్డా పక్కపక్కనే ఉన్నారు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1984లో వచ్చిన 87వ రాజశాసనం కూడా వితంతువులకు, తండ్రి లేని పిల్లలకు సాయం ఇచ్చింది. 1991లో ప్రైవేటు ఉద్యోగులకు సామాజిక బీమా చట్టం వచ్చింది. ఉద్యోగి పోతే పింఛను ఇంటివాళ్లకు వెళ్తుంది.

కానీ ఇవన్నీ ఒమన్ పౌరులకే. మస్కట్‌లో, సొహార్‌లో పనిచేసే మనవాళ్లు చనిపోతే భార్యకు ఏమొస్తుంది? 2023 కార్మిక చట్టం ప్రకారం, పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక నెల మూల వేతనం లెక్కన గ్రాట్యుటీ. అది ఒక్కసారి వచ్చే డబ్బు. నెలనెలా వచ్చేది కాదు.

మిగతాది ఇండియాలో వెతుక్కోవాలి. 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఇప్పుడు 10 లక్షల రూపాయలు ఇస్తుంది, కానీ ప్రమాదంలో పోతేనే. గుండెపోటుతో నిద్రలో పోతే ఆ 10 లక్షలు రావు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. వితంతు పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2019 నుంచి 2,016.

అంటే మన ఆడవాళ్లు రెండు దేశాల మధ్య నిలబడి ఉంటారు. భర్త చెమట ఒక దేశంలో, కాగితాలు ఇంకో దేశంలో. మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు నకలు, పని ఒప్పందం, బీమా కాగితం: వీటిలో ఒకటి లేకపోయినా ఆఫీసుల చుట్టూ తిరగాలి. చాలా ఇళ్లలో ఆ కాగితాలు ఎక్కడున్నాయో భర్తకు మాత్రమే తెలుసు.

అందుకే మీకో చిన్న పని. ఈ వారం మీ అమ్మతోనో పిన్నితోనో తెలుగులో మాట్లాడేటప్పుడు అడగండి: "మన కాగితాలు ఎక్కడున్నాయి?" మంచి తెలుగు వాక్యం. అవసరమైన వాక్యం కూడా.

ఈ వారం మాట: ఆసరా. పడిపోకుండా పట్టుకునేది. తెలంగాణ పింఛను పథకానికి 2014లో పెట్టిన పేరు కూడా ఇదే.

తప్పులుంటే దిద్దండి. మళ్లీ కలుద్దాం.