క్రొత్త పాఠకుడే గ్రంథాలయ పరీక్షకుడు

1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషివలన బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. నాటినుండి మనవారు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పిరి. అయితే గ్రంథములు సేకరించుట వేరు, వచ్చినవానికి కోరిన గ్రంథము దొరకుట వేరు.

ఈ భేదమును శాస్త్రముగా బోధించినవారు తమిళదేశీయులగు శియాలి రామామృత రంగనాథన్‌గారు. గణితోపాధ్యాయులైన వారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులై, ఆ యేడే లండను నగరమున పరదేశి విద్యార్థిగా గ్రంథాలయశాస్త్ర మభ్యసించిరి. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలము వృథా కారాదని శాసించును.

నేడు మన బిడ్డలును పరదేశి విద్యార్థులే. 2023-24లో అమెరికాయందు చదివిన భారతీయులు 3,31,602 మంది. విదేశీయులలో వారిదే ప్రథమస్థానము. అచ్చటి గ్రంథాలయమునకు తొలివాకిలి వెబ్‌సైటు. అందలి ‘డేటాబేస్’, ‘ఇంటర్‌లైబ్రరీ లోన్’ వంటి మాటలు క్రొత్తవారిని తికమకపెట్టును. కావున గ్రంథపాలకులు కొందఱు విద్యార్థులను పిలిచి, ఫలానా వ్యాసమును వెదకుడని పని యప్పగింతురు. తాము సాయపడక ప్రక్కన గూర్చుండి, వారెచ్చట తడబడిరో వ్రాసికొని, అచ్చట వెబ్‌సైటును దిద్దుదురు. పరీక్ష విద్యార్థికి గాదు, వెబ్‌సైటునకే.

వాకిట నిలిచినవాని బాధ వినుకొండకు క్రొత్తగాదు. 1895లో ఇచ్చట జన్మించిన జాషువ మహాకవి కులము పేర అవమానములు పడినవారే. రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథపట్టికను పొరుగూరి బాలుని చేతికిత్తము. అతడు ఎచ్చట ఆగునో అచ్చట దిద్దవలసినది పట్టికనే గాని బాలుని గాదు.