ఆపరేషన్ రిపోర్టులో 'మార్జిన్' అంటే ఏమిటి?

అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి బయాప్సీ, ఆపరేషన్ రిపోర్టులు సిద్ధం కాగానే రోగికి ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నాయి. డాక్టరు ఫోన్ చేసేలోపే 'మార్జిన్ పాజిటివ్' అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతుంటారు. ఇండియాలో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అయితే అదే మాట వాట్సాప్‌లో వస్తుంది. పాథాలజిస్టుగా నేను తరచూ రాసే మాట కాబట్టి, దాని అర్థం చెబుతాను.

సర్జన్ క్యాన్సర్ గడ్డను మాత్రమే తీయరు, చుట్టూ కొంత మంచి కండను కూడా కలిపి తీస్తారు. ఆ ముక్క అంచే మార్జిన్. ముక్క ల్యాబ్‌కు రాగానే పైన రంగు సిరా పూస్తాం. తర్వాత పలచని పొరలుగా కోసి మైక్రోస్కోపులో చూస్తాం. చాలా క్యాన్సర్లలో, సిరా పూసిన అంచుకు క్యాన్సర్ కణాలు తగిలితే పాజిటివ్, తగలకపోతే నెగెటివ్. తగలకపోయినా మరీ దగ్గరగా ఉంటే 'క్లోజ్' అని రాస్తాం.

ఎంత దూరం ఉంటే చాలు? అది జబ్బును బట్టి మారుతుంది. రొమ్ములో గడ్డ వరకే తీసే ఆపరేషన్‌లో, చుట్టుపక్కలకు పాకే రకానికి సిరాను కణాలు తాకకపోతే చాలని 2014లో అమెరికా నిపుణుల సంఘాలు తేల్చాయి. పాలనాళాల్లోనే ఉండే డీసీఐఎస్‌కు 2 మి.మీ. కావాలి. నోటి క్యాన్సర్‌లో సాధారణంగా 5 మి.మీ. చూస్తాం. అంటే, రొమ్ములో నిశ్చింతగా ఉండదగ్గ 3 మి.మీ. నోటిలో 'క్లోజ్' అవుతుంది. అందుకే పక్కింటివారి రిపోర్టుతో మీది పోల్చుకోకండి.

పాజిటివ్ అంటే ఒళ్లంతా పాకిందని కాదు. కోసిన చోట కొన్ని కణాలు మిగిలి ఉండవచ్చని అర్థం. మళ్లీ కొంత తీయడమో, రేడియేషన్ ఇవ్వడమో చేస్తారు. రెండోసారి తీసిన ముక్కలో ఒక్కోసారి క్యాన్సరే కనిపించదు. అలాగే నెగెటివ్ అంటే చికిత్స ముగిసిందనీ కాదు. కీమో అవసరమా అన్నది లింఫ్ గ్రంథులు, స్టేజి, కణాల రకం కూడా చూసి నిర్ణయిస్తారు.

థియేటర్ బయటికొచ్చి సర్జన్ "అంతా తీసేశాం" అన్నది కంటికి కనిపించినంత వరకే. ఆపరేషన్ మధ్యలో చేసే ఫ్రోజెన్ సెక్షన్ కూడా తొలి అంచనానే. చివరి మాట కొన్ని రోజుల తర్వాత వచ్చే పూర్తి రిపోర్టుదే.

డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఏ వైపు అంచు? ఎన్ని మి.మీ.? ఇప్పుడు ఏం చేస్తారు? సందేహం తీరకపోతే స్లైడ్లు, బ్లాకులు ఇప్పించుకుని మరో పాథాలజిస్టుకు చూపించుకోవచ్చు. అది మీ డాక్టరును అనుమానించడం కాదు. మేమూ కష్టమైన కేసుల్లో ఒకరి స్లైడ్లు ఒకరికి చూపించుకుంటాం.