ఇచ్చినవాడి పేరు

1800 అక్టోబరులో హైదరాబాదు నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒక సంధి చేసుకున్నాడు. తన రక్షణకని పెట్టుకున్న కంపెనీ పటాలం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల దరిమిలా 1792లోనూ 1799లోనూ తన వాటాకొచ్చిన సీమను కంపెనీకి శాశ్వతంగా వదిలేశాడు. ఈనాటి బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలూ, కర్నూలు జిల్లాలో కొన్ని భాగాలూ అలా చేతులు మారాయి. ఇంగ్లీషు దస్తరాల్లో వాటిని సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, తెలుగులో దత్తమండలాలు అన్నారు. పెన్న పేరు గానీ, కొండల పేరు గానీ, అక్కడ సేద్యం చేసే మనుషుల ఊసు గానీ అందులో లేవు. ఒకరు ఇచ్చారు, మరొకరు పుచ్చుకున్నారు అన్న సంగతి ఒక్కటే ఉంది. ఆ పేరును ఈ నేల నూటపాతికేళ్లకు పైగా మోసి, 1928లో దించుకుని రాయలసీమ అని పేరు పెట్టుకుంది. దాన్ని ఆత్మగౌరవం కోసం చేసిన పనిగా చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. ఆత్మగౌరవం అందులో ఉన్న మాట నిజమే. కానీ అంతకన్నా గట్టి కారణం మరొకటి ఉందని నా వాదన. ఒకే దాత పేరు మీద బతికే ప్రాంతం ఆ దాతనే అడగగలదు. నలుగురి నుంచి తెచ్చుకోవాలంటే ముందు తన పేరు తనకు ఉండాలి.

ఈ చిక్కు ఇవాళ ఎక్కడో దూరాన, కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సహాయకాల లోకంలో మళ్లీ కనిపిస్తోంది. 2024లో క్లాడ్ డెవ్ అనే సహాయకం వచ్చింది. ఆంత్రోపిక్ కంపెనీ మోడల్ క్లాడ్ మీద ఆధారపడి మొదలైంది కాబట్టి దానికా పేరు. వేరే కంపెనీల మోడళ్లను కూడా కలుపుకున్నాక అదే ఏడాది క్లైన్ అని పేరు మార్చుకుంది. బయటినుంచి చూస్తే బోర్డు మార్చడంలాగే ఉంటుంది. లోపలి పని వేరు. ఒక్కో కంపెనీ మోడల్ సందేశం అందుకునే తీరు వేరు, ఫైలు తెరవాలన్నా టెర్మినల్‌లో కమాండు నడపాలన్నా అది అడిగే పద్ధతి వేరు, ఒక్కసారికి చదవగల పాఠం పొడవు వేరు, ధర వేరు. ఒక మోడల్‌కు తగ్గట్టు చెక్కిన సూచనలు మరో మోడల్ దగ్గర సరిగా పారవు. ఈ తేడాలన్నిటికీ మధ్యలో ఒక పొర కట్టకుండా పేరు మాత్రం మారిస్తే ఫలం లేదు. పొర కట్టి పాత పేరే ఉంచితే, వాడేవాళ్లు అది ఇంకా ఒక్క కంపెనీ సరుకే అనుకుంటారు. పేరూ లోపలి కట్టుబడీ రెండూ కలిసి మారాలి. దత్తమండలాల కథను ఈ కొలతతోనే చూడాలని నా ఉద్దేశం.

దత్తమండలాలు అన్నది మొదటినుంచీ లెక్కల పుస్తకపు పేరు. తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ పాలెగాళ్లను అణచి, పొలాలను కొలిపించి, రైతువారీ పద్ధతిని నిలబెట్టాడు. శిస్తు భారం ఎక్కువైందని ఆయనే గుర్తించి, నాలుగో వంతు తగ్గించమని 1807లో సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక గానీ అది అమలు కాలేదు. మన్రో మీద ఈ సీమ జనానికి అభిమానం ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. అయినా ఒక సంగతి గమనించాలి: తగ్గింపు అడిగినవాడు కలెక్టరు, కాదన్నది కంపెనీ, తర్వాత ఇచ్చింది గవర్నరు. శిస్తు కట్టిన రైతు ఈ వరసలో ఎక్కడా లేడు. 1876–78 కరువు ఈ జిల్లాలను ఊడ్చిపెట్టినప్పుడు కూడా మద్రాసు నుంచి ఏం వస్తుందా అని ఎదురుచూడటమే మిగిలింది. ఆ పేరు లెక్కలకు ఎంతగా అతుక్కుందంటే, తెలుగు సినిమా పంపిణీదారులు వసూళ్లు చెప్పేటప్పుడు ఈ ప్రాంతాన్ని నేటికీ సీడెడ్ అనే అంటారు. జనం నోట రాయలసీమ, వసూళ్ల పట్టికలో సీడెడ్.

పేరు మార్పుకు మేధోబలం సమకూడింది అనంతపురంలోనే. 1916లో అక్కడ ఏర్పడిన ప్రభుత్వ కళాశాల పేరు కూడా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీయే. ఆ కళాశాలలో తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావు ఉత్తరాంధ్రలో పుట్టినవాడు, భాషాచరిత్ర పండితుడు. అదే ఊరి నుంచి పప్పూరు రామాచార్యులు శ్రీ సాధన పత్రిక నడుపుతున్నారు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దత్తమండలాల ప్రతినిధులు కడప కోటిరెడ్డి అధ్యక్షతన విడిగా సమావేశమయ్యారు. దత్తమండలాలు అనడం మానేసి రాయలసీమ అనాలన్న నిర్ణయం అక్కడ జరిగింది. ఈ ఘనత చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఖాతాలో ఉండేది. పేరు సూచించింది చిలుకూరివారని తర్వాత పరిశోధకులు తేల్చారు. బయటి ప్రాంతం నుంచి వచ్చి ఈ సీమకు పేరు పెట్టిన మనిషిని సీమ ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి.

పేరు మారితే వాన కురిసిందా అని అడిగేవాళ్లున్నారు. కురవలేదు. అనంతపురంలో సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అది 1928కి ముందూ తర్వాతా అంతే. కానీ ఈ ప్రశ్న పేరు చేయగల పనిని తప్పుగా అంచనా వేస్తోంది. పేరు నీళ్లు తేదు. నీళ్లు అడిగే పక్షాన్ని తయారుచేస్తుంది. నంద్యాల తర్వాత తొమ్మిదేళ్లకు, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లయిన శ్రీబాగ్‌లో కోస్తా నాయకులకు ఎదురుగా కూర్చున్నది ఆ పక్షమే. కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు అందులో ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం కలిసి నడవడానికి వాళ్లు రాయించుకున్న షరతులు చూస్తే నా వాదనకు ఆధారం దొరుకుతుంది. నీటి కోసం ఒక్క నదినే అడిగి ఊరుకోలేదు. తుంగభద్ర, కృష్ణ, పెన్న మూడింటి పథకాల్లోనూ రాయలసీమకు, నెల్లూరుకు ముందు చోటు కావాలన్నారు. చదువుకు వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి తాము కోరుకుంటామన్నారు. దత్తమండలాలుగా ఉన్నంతకాలం మద్రాసు వైపు ఒక్క చేయి చాచినవాళ్లు, రాయలసీమ అయ్యాక మూడు నదులను ఒకే కాగితం మీదికి తెచ్చారు. ఆ కాగితం చాలావరకు కాగితంగానే మిగిలిందన్నది మరో నిజం. 1953లో కర్నూలుకు దక్కిన రాజధాని మూడేళ్లకే హైదరాబాదు వెళ్లింది. కృష్ణ మీద పెద్ద పథకంగా 1955లో శంకుస్థాపన జరిగింది సీమకు నీళ్లివ్వని నాగార్జునసాగర్‌కు. అనంతపురానికి విశ్వవిద్యాలయం 1981లో గానీ పూర్తి రూపంలో రాలేదు. అయినా తర్వాతి తరాలు నీటి కోసం పోరాడిన ప్రతిసారీ చూపించింది ఆ షరతులనే.

రెండో అభ్యంతరం ఇంకాస్త లోతైనది. నిజాం దానాన్ని తీసేసి విజయనగర రాయల పేరు తెచ్చుకోవడం ఒక ప్రభువును వదిలి మరో ప్రభువును పట్టుకోవడం కాదా? కోడ్ సహాయకాల్లో ఇలాంటిదీ జరిగింది. గూగుల్ 2025లో బయటపెట్టిన జెమినై సీఎల్‌ఐ కోడ్‌ను తీసుకుని అలీబాబా క్వెన్ కోడ్ తయారుచేసింది. అక్కడ ఒక మోడల్ పేరు పోయి మరో మోడల్ పేరు వచ్చింది. రాయలసీమ సంగతి అది కాదు. 1928 నాటికి విజయనగర రాజు ఎవరూ లేరు, ఆ పేరుతో శిస్తు అడిగేవాడూ పటాలం పంపేవాడూ లేడు. ఆ పేరుకు సాక్ష్యం నేలమీదే ఉంది. 1565 యుద్ధం తర్వాత రాజధానిగా నిలిచిన పెనుకొండ అప్పటి అనంతపురం జిల్లాదే. అనంతపురం ఊరు పుట్టిందే విజయనగర కాలపు చెరువు ఒడ్డున. పైగా ఆ పేరులో చోటుంది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఎక్కువ భాగం ఆర్కాటు వైపుది. నిజాం ఇచ్చిన సీమ అన్న లెక్కలో అది ఇమడదు. విజయనగర రాజుల చంద్రగిరి కోట అప్పట్లో ఉన్న జిల్లాగా రాయలసీమలో ఇమిడిపోయింది. పాత పేరు సంధిపత్రం గీసిన గీత దగ్గర ఆగిపోతుంది, కొత్తది ఆగలేదు.

అయితే ఆ పేరు కొందరిని దూరం చేసిందన్న ఆక్షేపణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. దత్తమండలాల్లో బళ్లారి ఒక ముఖ్యమైన భాగం, 1882లో అనంతపురం జిల్లా విడివడింది దాన్నుంచే. సంధిపత్రపు పేరుకు భాష లేదు, కన్నడిగులూ తెలుగువాళ్లూ అందులో సమానంగా ఉన్నారు. రాయలసీమ అన్నది ఆంధ్ర మహాసభ నీడన పుట్టిన పేరు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాయి, మిగతా బళ్లారి మైసూరుకు వెళ్లింది. రాయల రాజధాని హంపీయే రాయలసీమకు అవతల మిగిలింది. ఈ నష్టం పేరువల్ల కాదు, భాషా రాష్ట్రాల వల్ల అనవచ్చు. కానీ ఆ పేరు ఏ గాలిలో పుట్టిందో ఆ గాలే ఈ గీతనూ గీసిందని ఒప్పుకోవాలి. పాత పేరే ఉంచుకుని అర్థం మార్చుకోవచ్చు కదా అన్నవాళ్లకు మాత్రం జవాబుంది. మెటా మోడల్ పేరుతో 2023లో మొదలైన లామా.సీపీపీ ఇవాళ ఎన్నో కంపెనీల మోడళ్లను నడుపుతూ ఆ పేరుతోనే హాయిగా ఉంది. అది తయారుచేసినవాడు తానే ఎంచుకున్న పేరు. దత్తమండలాలు అన్నది ఈ నేల మనుషులను అడగకుండా ఇద్దరు పాలకులు రాసుకున్న పత్రంలోంచి వచ్చింది. రెండూ ఒకటి కావు.

ఇక లోపలి కట్టుబడి మాట. నదుల విషయంలో ఆలస్యంగానైనా కొంత జరిగింది. తుంగభద్ర ఎగువ కాలువ ఒకవైపు, 2012లో జీడిపల్లి జలాశయానికి చేరిన హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణ మరోవైపు. తుంగభద్రలో నీళ్లు తగ్గిన ఏడాది కృష్ణ వైపు చూసే వీలు అనంతపురం జిల్లాకు మన్రో కాలంలో ఊహకైనా అందనిది. పొలంలో మాత్రం కథ ఎదురు దిశలో నడిచింది. కొర్ర, జొన్న, ఆరికె, కంది, ఉలవ కలిపి వేసిన ఎర్రనేలల్లో 20వ శతాబ్దం రెండో సగానికి వేరుశనగ ఒక్కటే పరుచుకుంది. సీమ మూడు నదుల కోసం పోరాడుతున్న కాలంలోనే రైతు ఒక పంటకూ, ఒక విత్తనానికీ, ఒక్క అదను వానకూ కట్టుబడిపోయాడు. ఆ అదను తప్పిన ఏళ్లలో అప్పులు, బెంగళూరు వలసలు, ఆత్మహత్యలు వచ్చాయి. చీనీ తోటలు, దానిమ్మ, అరటి, బిందుసేద్యం ఇప్పుడు ఆ కట్టును కొంత సడలిస్తున్నాయి. బోరు ఉన్నవాడి పొలంలో సడలినంతగా మెట్ట రైతు పొలంలో సడలలేదు. శ్రీబాగ్‌లో నదుల పేర్లు రాయించుకున్నవాళ్లు పంటల పేర్లు రాయించుకోలేదు. ఆ పని అనంతపురం మెట్టలో ఇంకా మిగిలే ఉంది.